డ్రైవర్ సీటు కొలత

సత్తుపల్లిలో జయప్రకాశ్ గారింట్లో డ్రైవర్ అనే మాటకు బండి నడిపేవాడని అర్థం కాదు. బొజ్జయ్య అని అర్థం. డ్రైవర్ తిన్నాడా అంటే బొజ్జయ్య తిన్నాడా అని. డ్రైవర్‌కి జ్వరం అంటే ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ గడప దాటరని. మాటలు మనుషులకు అలా అతుక్కుపోవడం మామూలే, దానివల్ల ఎవరికీ నష్టం లేదనే అనుకుంటాం. బొజ్జయ్య కూడా అలాగే అనుకున్నాడు పాపం.

అతనిది పినపాక అవతల, అడవి అంచున ఉన్న చిన్న ఊరు. ఇంట్లో కోయ మాట, బయట తెలుగు. వయసులో లారీల మీద తిరిగి డ్రైవింగ్‌లో చేయి తిరిగినవాడయ్యాడు. పెళ్లయిన కొత్తలో జయప్రకాశ్ గారి దగ్గర కుదిరాడు, ఇంక ముప్పై ఏళ్లు ఎక్కడికీ పోలేదు. బక్కపలచని మనిషి. తిండికి లోటు చేసే ఇల్లు కాదది, ఇల్లాలు నాగలతమ్మ గారు దగ్గరుండి వడ్డించేది, అయినా ఆ ఒంటికి ఏదీ పట్టేది కాదు. జయప్రకాశ్ గారు అందుకు సరిగ్గా ఎదురు. తాతల నాడే కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. పామాయిల్ తోటలు, రైస్ మిల్లు, నలుగురిలో పలుకుబడి, దానికి తగ్గ శరీరం. ఆయన వచ్చి కూర్చుంటే పక్కవాడు అడక్కుండానే జరిగేవాడు.

అంబాసిడర్ పోయింది, సుమో పోయింది, ఇన్నోవా వచ్చింది. ఏ బండయినా ముందు బొజ్జయ్య, వెనక ఆయన. ఆయనకు డ్రైవింగ్ రాక కాదు. పడుచుతనంలో మేనమామ జీపు తీసుకుని అశ్వారావుపేట రోడ్డు మీద దుమ్ము లేపిన మనిషే. ఒకసారి కల్వర్టుకు గుద్ది వచ్చేసరికి తండ్రి తాళాలు లాక్కుని, మన ఇంటి మగవాళ్లు వెనక కూర్చుంటారు అని తేల్చేశాడు. తండ్రి పోయాక కూడా ఆ మాట పోలేదు. వెనక కూర్చునే మిల్లు బేరాలు, వెనక కూర్చునే ఫోన్లు, వెనక కూర్చునే కునుకు. మధ్యమధ్య మాత్రం ముందుకు వంగి, ఇంకొంచెం లాగించరా బొజ్జయ్యా అనేవాడు. బొజ్జయ్య అద్దంలోకి చూస్తే ఆ కళ్లు పిల్లాడి కళ్లలా మెరుస్తుండేవి. ఆయన సంగతులన్నీ బొజ్జయ్యకు ఆ అద్దంలోనే తెలిసేవి. ఆకలి, కోపం, చెడిపోయిన బేరం, కూతురు సాహిత్యను ఖమ్మంలో అత్తారింట దింపి వస్తూ కిటికీ వైపు తిరిగి ఏడవడం, అన్నీ.

అరవై దాటాక ఆయన మిల్లు అల్లుడికి అప్పజెప్పాడు. ఆ వారమే, తోటలో గెలలు కోయిస్తూ, ఉన్నట్టుండి బొజ్జయ్యతో అన్నాడు.

"ఇన్నేళ్లుగా వెనక కూర్చుని నీ మెడ చూసి చూసి విసుగొచ్చిందిరా. ఒక బండి తీసుకుంటున్నా. స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు. నేను నడుపుతా, నువ్వు పక్కన కూర్చుంటావు. నిన్ను కూర్చోబెట్టుకుని మీ ఊరి దాకా తీసుకుపోతా."

బొజ్జయ్య సిగ్గుపడిపోయాడు. గట్ల బాగుండదు సార్, మావోళ్లు నవ్వుతరు అన్నాడు. నవ్వనీరా అన్నాడాయన. మణుగూరు దాటాక అడవిలో రోడ్డు ఎక్కడ సాఫుగా ఉంటుందో, ఎక్కడ మలుపులు లేకుండా బండి వదలొచ్చో అప్పుడే అడిగి తెలుసుకున్నాడు. పైకి వద్దన్నాడే గానీ బొజ్జయ్య ఆ రాత్రి ఇంటికి పోయి భార్యకు ఈ మాట మూడుసార్లు చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఒకరు బండిలో కూర్చోబెట్టుకుని తీసుకుపోతాననడం అదే మొదలు.

కారు అంటే షోరూంలో ఉన్నదాన్ని తోలుకొచ్చేది కాదు. ఎవరికి కావలసినట్టు వాళ్లకు జర్మనీలో విడిగా తయారు చేస్తారట. రంగు, చక్రాలు, తోలు, చివరికి తోలు మీద కుట్టే దారం కూడా మనమే చెప్పాలి. నాగలతమ్మ గారు ఎరుపన్నది. ఆయన పామాయిల్ ఆకు ముదురు పచ్చ తప్ప ఇంకోటి వద్దన్నాడు. లోపలి కుట్లు పామాయిల్ పండు రంగులో ఉండాలని, బాగా పండిన కాయలు రుమాల్లో కట్టుకుని హైదరాబాద్ తీసుకుపోయాడు. షోరూంలో లిఖిత అనే అమ్మాయి ఆ రుమాలు విప్పి చూసి, ఇలాంటి కస్టమర్‌ను నేను చూడలేదు సార్ అని నవ్వింది. ఆ తెల్లటి బల్ల మీద పండ్ల జిడ్డు అంటుకుంది. ఆయన అవేమీ పట్టించుకోకుండా దారం ముక్కలు ఒక్కొక్కటే పండు పక్కన పెట్టి చూసుకుంటున్నాడు.

ఇంతలో ఆ అమ్మాయి సీట్ల సంగతి ఎత్తింది. వేగంలో మనిషి కదలకుండా పట్టి ఉంచడానికి నడిపేవాళ్ల సీటు గట్టి గిన్నెలా ఒకే ముక్కగా చేస్తారు, దానికి వాల్చడాలూ వెడల్పు చేయడాలూ ఉండవు, అందుకే ఒంటి కొలత చూసి సైజు చెప్పాలి అని వివరించింది. వివరించి, మర్యాదగా, "డ్రైవర్ సీట్ కొలత కావాలి సార్. డ్రైవర్ ఒకసారి వచ్చి ఇందులో కూర్చోవాలి" అంది.

జయప్రకాశ్ గారు దారం మీంచి తల ఎత్తలేదు. "బొజ్జయ్యా, వెళ్లి కూర్చోరా" అన్నాడు.

బొజ్జయ్య చెప్పులు విప్పి వెళ్లి కూర్చున్నాడు. నాగలతమ్మ గారు పక్కనే ఉంది, ఆమెకూ ఏమీ తోచలేదు. ఆ అమ్మాయి కాస్త తటపటాయించి, ఈయనకేనా సార్ అని అడిగింది కూడా. ఆయనే కదమ్మా డ్రైవరు అన్నాడు జయప్రకాశ్ గారు. ఆమె కొలతలు తీసుకుంది. పక్క సీటు మాత్రం ఎవరైనా కూర్చునేలా పెద్దది పెట్టించారు. తిరిగొస్తూ సూర్యాపేటలో ఆగి టీ తాగారు, దారం రంగు కుదిరిందని ఆయన దారి పొడుగునా పొంగిపోయాడు. ఇంతమంది తెలివైనవాళ్లలో ఒక్కరికీ, ఆ బండి నడపబోయేది ఎవరన్నది ఆ పూట గుర్తు రాలేదు.

ఏడాది పైన ఎదురు చూశాక బండి లారీలో వచ్చింది. వీధంతా మూగింది. అడవి మధ్యలోంచి కోసుకొచ్చినట్టు ముదురు పచ్చగా, నేలకు కరుచుకుని ఉంది. జయప్రకాశ్ గారు కొత్త చొక్కా వేసుకుని వచ్చి, తలుపు తీసి, కాలు లోపల పెట్టి కూర్చోబోయాడు. నడుము దగ్గర ఆగిపోయాడు. ఇంకాస్త నొక్కుకున్నాడు. ఇటు దిగలేదు, అటు రాలేదు. బొజ్జయ్యా, లారీ మనిషీ చెరో చేయి పట్టుకుని లాగితే బయటపడ్డాడు. జనం నవ్వు ఆపుకోవడానికి తంటాలు పడ్డారు. ఆయన నేరుగా లిఖితకు ఫోన్ చేసి, ఎవరి కొలతమ్మా ఇది అని అడిగాడు. డ్రైవర్‌దే కదా సార్, మీరే కూర్చోమన్నారు అంది ఆ అమ్మాయి భయపడుతూ.

అందరికంటే ముందు నవ్వింది ఆయనే. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. బొజ్జయ్య మాత్రం నవ్వలేకపోయాడు. ఆ సీటు తాను దొంగిలించినట్టు అనిపించి తల దించుకుని నిలబడ్డాడు. పెద్ద సీటు తెప్పించాలంటే మళ్లీ వచ్చే ఏడాదే అన్నారు షోరూం వాళ్లు. సీటును మార్చడమెందుకు, నన్నే మార్చుకుంటా అన్నాడు జయప్రకాశ్ గారు. తగ్గి ఇందులో కూర్చుంటాను, కూర్చుని మా బొజ్జయ్యను వాళ్ల ఊరు తీసుకుపోతాను అని వీధి వీధంతా వినేలా చెప్పాడు.

అందాకా ఏం చేస్తారు. బొజ్జయ్య నడిపాడు, ఆయన పక్కన కూర్చున్నాడు. భద్రాచలంలో పూజ చేయిస్తే, ఇంజను మీద బొట్టు పెట్టాలి బానెట్ ఎత్తమన్నాడు పూజారి. ఎత్తితే అక్కడ ఖాళీ డిక్కీ ఉంది, ఇంజను వెనకెక్కడో ఉంది. పూజారి అయోమయంగా చూసి ఖాళీ డిక్కీకే బొట్టు పెట్టాడు. ఇంటి గేటు దగ్గర కింద తగలకుండా చెక్కలు పరిచి ఎక్కించాల్సి వచ్చేది. స్పీడ్ బ్రేకర్ వస్తే బొజ్జయ్య ఊపిరి బిగబట్టేవాడు. బొగ్గు టిప్పర్ల వెనక ఆ బండి, దాని వేగమూ ఏమైపోయాయో అన్నట్టు, దుమ్ములో నత్తనడక నడిచేది. సెంటర్లో ఆగితే కుర్రాళ్లు మీద పడి ఫొటోలు దిగేవాళ్లు. నాగలతమ్మ గారు రెండు సార్లు ఎక్కి, నడుము పట్టేసింది మీ ఇద్దరే ఊరేగండి అని మానేసింది.

మొదట్లో బొజ్జయ్యకు మోచేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ముప్పై ఏళ్లలో ఆయన భుజం తన భుజానికి తగలడం అదే మొదటిసారి. నెమ్మదిగా అలవాటైంది. ఆయన వేరుశనక్కాయలు ఒలిచి అరచేతిలో పెట్టి ఇటు చాచేవాడు, బొజ్జయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా తీసుకుని నమిలేవాడు. వెనక సీటుకు ఎన్నడూ చెప్పని మాటలు బొజ్జయ్య పక్క సీటుకు చెప్పుకున్నాడు. చనిపోయిన తన మొదటి బిడ్డ గురించి కూడా చెప్పాడు. ఇన్నాళ్లూ చెప్పలేదేంరా అన్నాడాయన.

ఆయన నిజంగానే తగ్గడం మొదలుపెట్టాడు. పొద్దున్నే తోట చుట్టూ నడక, రాత్రికి జొన్న రొట్టె. ప్రతి ఆదివారం బొజ్జయ్య బండి కడిగాక సీటు పరీక్ష. కూర్చోబోవడం, నడుము దగ్గర ఇరుక్కోవడం, నవ్వుకోవడం. బొజ్జయ్య ఈ విషయంలో నాగలతమ్మ గారికంటే కఠినంగా తయారయ్యాడు. ఒకసారి అశ్వారావుపేట హోటల్లో ఆయన ఇంకో పెసరట్టు చెప్పబోతే, సర్వర్‌ను అడ్డుకుని, "వద్దు సార్, సీటు యాది పెట్టుకోండ్రి" అన్నాడు. ఆయన ఖాళీ ప్లేటు వైపు చూసి, సరేలేరా అని చేయి కడుక్కున్నాడు. ఈ ఒక్క సంగతి తర్వాత బొజ్జయ్యను ఎంత కాల్చుకు తిన్నదో మాటల్లో చెప్పలేను.

చలికాలం పోయేసరికి ఆయన బాగా సన్నబడ్డాడు. ఊరు మెచ్చుకుంది. పదేళ్లు వయసు తగ్గిందన్నారు, ఏం తింటున్నారో చెప్పమన్నారు. ఎండాకాలంలో నడక మానేశాడు, నీరసంగా ఉందన్నాడు, అయినా తగ్గుతూనే ఉన్నాడు. అన్నం వాసన పడటం లేదన్నాడు. వీపు నొప్పంటే అందరూ ఆ బండి మీదే పెట్టారు. ఆదివారం ఆదివారం బొజ్జయ్య సంబరపడిపోయేవాడు. ఇంక జరంత సార్, దసరాకు మీరే నడుపుతరు అనేవాడు. పక్కపక్కనే కూర్చుంటున్నారు గదా, ఇంకా దగ్గరయ్యారు గదా, అతనికేమీ కనిపించలేదా అని మీరు అడగొచ్చు. అక్కడే ఉంది అసలు సంగతి. బొజ్జయ్య చూపు ఎప్పుడూ రోడ్డు మీదే, ఆదివారాలైతే ఆయన నడుము మీదే. ఆయన ముఖం చూసింది ఏనాడైనా అద్దంలోనే, ఈ బండి అద్దంలో ఆయన లేడు.

వానలు పడ్డాయి. ఒక రోజు వాగు పొంగి రోడ్డు మీదికి నీళ్లొస్తే, ఆ పొట్టి బండి పనికిరాదని పాత ఇన్నోవా తీశారు. ఆయన అలవాటు ప్రకారం వెనక ఎక్కాడు. ఊరు దాటాక లారీని తప్పించబోయి బొజ్జయ్య అద్దంలోకి చూశాడు. వెనక సీట్లో ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయి, మెడ నరాలు తేలి, కళ్లు పసుపు పూసినట్టు ఉన్నాయి. బొజ్జయ్య బండి పక్కకు తీసి ఆపి, వెనక్కి తిరిగి నేరుగా చూశాడు.

"సార్, మీ కండ్లేంది గిట్లున్నయ్?"

"ఏముందిరా, నిద్ర చాలక" అన్నాడాయన. బొజ్జయ్య బండి తిప్పి, ఆయన ఎక్కడికిరా అంటున్నా వినకుండా నేరుగా ఖమ్మం దవాఖానాకు తోలాడు. ఆయన మాట వినకపోవడం కూడా అదే మొదటిసారి.

ఖమ్మంలో హైదరాబాద్ పొమ్మన్నారు. హైదరాబాద్‌లో పాంక్రియాస్ కేన్సర్ అన్నారు, ఇంత దాకా ఎలా ఊరుకున్నారు అన్నారు. సన్నబడుతుంటే అనుమానం రాలేదా అని డాక్టర్ అడిగితే నాగలతమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుంది. సాహిత్య గోడ వైపు తిరిగింది. తలుపు దగ్గర నిలబడ్డ బొజ్జయ్యకు ఆ ప్రశ్న తననే అడిగినట్టుంది. మేం పండగ చేసుకున్నం సార్ అని చెప్పాలనిపించింది.

ఆపరేషన్‌కు లాభం లేదన్నారు. మందులతో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపారు. బొజ్జయ్య అశ్వారావుపేట దాకా పోయి, అదే హోటల్లో పెసరట్లు కట్టించుకుని తెచ్చాడు. ఆయన ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, మింగలేక, బొజ్జయ్య చూడకుండా రుమాల్లోకి తీసేశాడు. బొజ్జయ్య చూశాడు. పెరట్లోకి పోయి నల్లా కింద తల పెట్టుకుని ఏడ్చాడు. నాగలతమ్మ గారు వచ్చి, నీ తప్పేముందిరా అంటూ తనూ ఏడ్చింది. షెడ్డులో బండి మీద గుడ్డ కప్పేసి ఉంది. చెక్కలు గోడకు చేరేసి ఉన్నాయి. ఆదివారాలు వచ్చి పోతున్నాయి, ఎవరూ బండి కడగలేదు.

దసరా ముందు ఒక ఉదయం ఆయన బొజ్జయ్యను పిలిపించాడు. బండి కడగరా, పరీక్ష ఉంది గదా అన్నాడు. నాగలతమ్మ గారు వద్దనబోయి ఆగిపోయింది. బొజ్జయ్య గుడ్డ తీసి, తళతళలాడేలా కడిగి, చెక్కలు పరిచి బండి వీధిలోకి తెచ్చాడు. ఆయనను దాదాపు ఎత్తుకునే తీసుకొచ్చాడు. చేతుల్లో బరువే లేదు. సీటు అంచున కూర్చోబెట్టి, కాళ్లు లోపల పెట్టి, నెమ్మదిగా వదిలాడు.

ఆయన సీట్లోకి దిగిపోయాడు. నడుము దగ్గర ఆగలేదు, భుజాల దగ్గర ఆగలేదు. వీపు వెళ్లి వీపు చోట ఆనింది. ఆయన కోసమే చేసినట్టుంది.

ఏడాదిగా ఈ ఒక్క సంగతి జరగాలని బొజ్జయ్య ఎన్ని మొక్కులు మొక్కాడో. ఇప్పుడు దాన్ని చూడలేకపోయాడు. ఆయన తల తిప్పి చూసి, "నీ కొలత నాకు సరిపోయిందిరా" అన్నాడు. అని, పక్క సీటు చూపించాడు.

బొజ్జయ్య చెప్పులు విప్పి ఎక్కాడు. ఆయన భారీ శరీరానికి అలవాటు పడిన ఆ పెద్ద సీట్లో తను ఓ మూలకు ఒదిగిపోయాడు. ఎడమ వైపు కూర్చుంటే చేతులు ఏం చేసుకోవాలో తోచక ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన బటన్ నొక్కాడు. వెనక ఇంజను గుర్రుమంది. నాగలతమ్మ గారు గేటు పట్టుకుని నిలబడింది. బండి కదిలింది.

రోడ్డు మీద మనిషి నడిచిపోయే వేగంతో పోయింది ఆ బండి. ఆయన రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. ఒక సైకిల్ దాటిపోయింది. వెనక ఒక బొగ్గు టిప్పర్ వచ్చింది. బొజ్జయ్య అద్దం వైపు చూడలేదు. ఈసారి ఆయన వైపే తిరిగి కూర్చున్నాడు. పసుపు పచ్చటి ఆ కళ్లలో, లోపలెక్కడో, మునుపటి మెరుపు కనిపించింది. బొజ్జయ్య ముందుకు వంగాడు.

"ఇంకొంచెం లాగించండ్రి సార్" అన్నాడు.

ఆయన నవ్వి కాలు నొక్కాడు. కొంచెం, నిజంగా కొంచెమే, బండి ముందుకు దూకింది. పామాయిల్ తోట మొదట్లో ఆపేశాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. మీ ఊరు దాకా అనుకున్నానురా అన్నాడు. ఇంకోసారి పోదం సార్ అన్నాడు బొజ్జయ్య. ఇద్దరూ కాసేపు పచ్చటి ఆకులను చూస్తూ కూర్చున్నారు. తర్వాత బొజ్జయ్య దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆయనను ఎత్తి ఎడమ సీట్లో పెట్టి, ఇంటికి తోలుకొచ్చాడు.

దీపావళి చూడలేదు ఆయన.

సంవత్సరీకం అయ్యాక సాహిత్య బండి అమ్మేద్దామంది. నాగలతమ్మ గారు దాని వైపు చూడలేకపోతోంది. ఖమ్మం నుంచి ఒక గ్రానైట్ వ్యాపారి వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు, రంగు మెచ్చుకున్నాడు, కుట్లకు ఈ రంగు దారం ఎవరి ఆలోచనో అన్నాడు. బొజ్జయ్య తలుపు తీసి పట్టుకున్నాడు. వ్యాపారి కాస్త ఒళ్లున్న మనిషి. కూర్చోబోయి నడుము దగ్గర ఆగిపోయాడు, విసుక్కుంటూ బయటికి వచ్చి ప్యాంటు సర్దుకున్నాడు.

"ఇదేం సీటయ్యా, ఎవరి కొలతకు చేయించారిది?"

బక్కపలచటి బొజ్జయ్య తలుపు పట్టుకుని వ్యాపారి ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

"మా సార్ కొలత" అన్నాడు. "ఆయనకు సరిగ్గ సరిపోయింది."